పెంటయ్యకు కట్టిన తాత మొహం

నారాయణఖేడ్‌ల మొగులప్ప ఇంటికి ఎప్పుడు పోయినా చింతగింజల జిగురు వాసనే. ఆటలాడే మేళపోళ్లకు కాగితం గుజ్జుతోని కట్టుకునే మొహాలు చేసుడు ఆయన పని. ఆయనకవి ఆట సామాన్లే. పెండ్లాం భీమమ్మకు మాత్రం వాటిల్ల ఒక్కటి పాణమసోంటిది. తెల్లమీసాల తాత మొహం.

ఎందుకంటరా? ఆమెకు ఇద్దరు పిల్లలు దీపాలు పెట్టే యాళ్లకే జరమొచ్చి పోయిండ్రు. మూడోవాడు పుట్టంగనే, వీడన్న దక్కాలని అత్త రామవ్వ వాన్ని చాటల పండబెట్టి తవుడుకు కొని, పెంటయ్య అని పేరు పెట్టింది. అంతటితోని ఊకోలే. పొద్దుగూకితే వానికి తాత మొహం కట్టాలె, దీపం వెలిగినదాంక అది ఇప్పొద్దు, పేరు పెట్టి పిలవొద్దు, "తాతా" అనే అనాలె అన్నది. పసిపిల్లల కోసం వచ్చేది వీన్ని జూసి ముసలోడనుకొని మర్లిపోతదట; పేరు ఇన్నదంటే ఆ పేరు తనదే చేసుకుంటదట. భీమమ్మ ఒక్క పొద్దు తప్పలే.

ఆ దినం మొగులప్ప నాగల్‌గిద్ద పోయిండు. ముసురు. కరెంటు లేదు. భీమమ్మ కొడుక్కు మొహం కట్టి గడప కాడ కూసోబెట్టి, లోపల కందిలి దీపం అద్దం తుడుస్తున్నది.

దగ్గు వినబడ్డది. ముసలి దగ్గు.

పోరడు ఆట పట్టిస్తుండనుకున్నది. అగ్గిపుల్ల గీసింది. అంటుకోలే. అగ్గిపెట్టె నిండ చెమ్మ.

గడప కాడికొచ్చి చెయ్యి పట్టుకున్నది. చల్లగ... మట్టికుండ తీరుగ. గోర్లు పొడుగున్నయి. పొద్దుగాలనే తీసింది గద!

"తాతా..." అన్నది. మొహం మెల్లగ ఇటు తిరిగింది. కంతల్ల కండ్లు రెప్ప కొడ్తలేవు.

వీడు నా కొడుకేనా? దీపం లేంది మొహం ఇప్పొద్దు. పిలవొద్దు. పిలవకుంటే తెల్వదు. ఇగ ఆగలేకపోయింది.

"పెంటయ్యా..."

"అమ్మా" అన్నడు. అదే గొంతు. చేతులు చాపిండు.

భీమమ్మకు ఏడుపొచ్చింది. వాన్ని సంకనేసుకొని, దీపం కోసం పక్కింటి నజ్మున్నీసా కాడికి ఉరికింది. తలుపు తీసిన నజ్మున్నీసా అట్లనే నిలబడిపోయింది.

"గదెవ్వరు నీ సంకల? పెంటడు మా ఇంట్లనే ఉన్నడు గదనె. గడప కాడ ఎవరో దగ్గుతున్నరని మొహం ఇప్పేసి ఉరికొచ్చిండు."

లోపల, దీపం కాడ, ఆమె కొడుకు కూసోనున్నడు.

"పెంటయ్యా!"

వాడు తల తిప్పలే. ఇంకోపాలి పిలిచింది. ఇంకెవరినో పిలుస్తున్నట్టు దీపం దిక్కే చూస్తుండు.

ఆమె మెడ సుట్టు చల్లటి చేతులు బిగుసుకున్నయి.

"ఆఁ... ఏందమ్మా?"