లక్ష పలికిన పెట్టె

సాయంత్రం నాలుగు గంటలు... పట్టపగలే చీకటి!

కారుమేఘాలు మేడల మీదికి దిగివచ్చాయి. హార్మోనియంలు చేసే ఆ మేడమీది దుకాణంలో ఉరిమినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడ వణుకుతున్నాయి. వేళ కాని వేళ ఒక గుడ్లగూబ అటక మీద చేరి గూ... గూ... అని కూస్తోంది. కింద వీధిలో జనం తడవకుండా పరుగులు తీస్తున్నారు. ఒక్కరైనా తలెత్తి పైకి చూడలేదు.

చూస్తే ప్రాణాలు పైకే పోయేవి! లోపల ఒక చెక్కపెట్టె మనిషిలా మాట్లాడుతోంది!

నిలువెత్తు హార్మోనియం అది. దాని కడుపులో గాలి తగిలితే మోగే ఇత్తడి రేకులు, రీడ్లు, వెయ్యికి పైగా. వెనక ఇరుసు మీద చిల్లులు పొడిచి, కొసలు రెండూ అతికించిన కాగితపు పట్టీ గిరగిరా తిరుగుతోంది. ఏ చిల్లు వస్తే ఆ రీడ్లు తెరుచుకుంటాయి. గాలి తగులుతుంది. పెట్టె ఏడక్షరాల క్షుద్రమంత్రాన్ని పలుకుతుంది... మళ్ళీ పలుకుతుంది... మళ్ళీ! పదకొండు రోజులుగా అదే ఘోష. పెట్టె నెత్తిన దవడ విరిగిన ఒక కపాలం, దాని ముందు ఎర్రగా మండే దీపం.

ఆ గాలి కోసం రాత్రీ పగలూ తిత్తి తొక్కుతున్నది దుకాణం మేస్త్రీ భార్య.

ఈ మేస్త్రీ గురించి రెండు మాటలు చెప్పాలి. చేతిపనిలో అతన్ని మించినవాడు లేడు. చేతికి మట్టి అంటకుండా పని జరిపించుకోవడంలోనూ లేడు. క్షుద్రవిద్య నేర్పిన గురువు అతనికి ఆ ఏడక్షరాలూ ఉపదేశించాడు. లక్షసార్లు తప్పులేకుండా పలికితే మహాశక్తి దిగివచ్చి కోరింది ఇస్తుంది. ఒక్కసారి తడబడితే ప్రాణం తీస్తుంది. గురువు తొంభై వేలు దాటాక తడబడ్డాడు! పెట్టె నెత్తినున్న కపాలం అతనిదే, ఆ విరిగిన దవడే సాక్ష్యం. అది చూసి శిష్యుడి గుండె జారిపోయింది. తన నోటితో ఆ మంత్రం ఒక్కసారీ పలకలేదు. ‘యంత్రం తడబడదు కదా!’ అనుకున్నాడు. అక్కడే అతనికి తెలివి ఎక్కువైంది.

పదహారు రీడ్లు కలిపి మోగిస్తే పెట్టె ‘ఆ’ అంది. మరో పదహారు కలిపితే ‘ఈ’ అంది. మూడేళ్ళు తంటాలు పడితే అచ్చులన్నీ పలికాయి. హల్లులు మాత్రం ససేమిరా రాలేదు. పెదవుల్లేని పెట్టె ‘మ’ అనేదెలా? నాలుక లేనిది ‘త’ అనేదెలా?

దానికి మనిషి కావాలి... మనిషి ఇంట్లోనే ఉంది!

కపాలం ముందు భార్యను కూర్చోబెట్టాడు. భస్మం చల్లాడు. “ఖాళీ రీడు ఖాళీగా ఉండరాదు! ఎదుట ఉన్న గొంతు దాన్ని నింపాలి!” అని ఆన పెట్టాడు. మొదటిరోజు ఆమె గొంతులోంచి ‘మ’ పోయింది. మర్నాడు ‘త’ పోయింది. నాలుగు రోజులకు ఆమె ఉప్పు అడిగితే కొట్టువాడు అర్థంకాక నవ్వేశాడు. నెల తిరిగేసరికి హల్లులన్నీ పెట్టెలోకి చేరిపోయాయి. ఆమెకు మిగిలింది అ... ఆ... ఊ... అంతే! మొన్నమొన్నటిదాకా గలగలా మాట్లాడిన మనిషి, పాపం. పూనకం వచ్చిన దానిలా శూన్యంలోకి చూస్తూ, చెప్పినట్టల్లా తొక్కుతోంది. లక్ష పూర్తయిన క్షణాన ఆ మిగిలిన అచ్చులూ, వాటితో ఆమె ఊపిరీ మహాశక్తికి బలి... అదీ మేస్త్రీ పన్నాగం!

మెట్ల మీద చప్పుడైంది. మేస్త్రీ తల్లి వచ్చింది. ఆ దుకాణంలో తిత్తులకు తోలు కోసి కుట్టేది ఆవిడే.

“ఒరేయ్, పిల్ల కాలు చూశావా? ఎలా వాచిపోయిందో! అది మనిషిరా!”

“ఇంకో ముప్పై సార్లే. నువ్వు కిందకి పోమ్మా.”

“నేను కుట్టిన తోలేరా ఇది. కత్తి పెట్టి కోసిపారేస్తా!”

“కొయ్యి! మంత్రం మధ్యలో ఆగిందంటే ముందు పోయేది నీ కోడలే!”

ముసలావిడ ఎత్తిన కత్తి దించేసింది. కోడలు ఆవిడ వైపు తల తిప్పింది. “అ... అ... ఆ...” అంది. ‘అత్తయ్యా’ అని పిలుస్తోందని ఆవిడకు తెలుసు. గోడకు జారగిలబడి భోరుమంది.

ఇరవై... పది... మూడు... ఒకటి!

ఫెళ్ళున పిడుగు పడింది! కిటికీ అద్దాలు భళ్ళున పగిలాయి. కాగితపు పట్టీ భగ్గున మండి బూడిదైంది. దీపం ఆరింది. కపాలం కంటిగుంతల్లో నీలిజ్వాలలు లేచాయి... విరిగిన దవడ కిర్రుమంటూ కదిలింది!

“జపం చేసినది ఎవరు?”

మేస్త్రీ పెట్టెను రెండు చేతులా వాటేసుకున్నాడు. “నేనే! మహాశక్తీ, నేనే!”

“ఏదీ... ఒక్కసారి పలుకు.”

మేస్త్రీ నోరు తెరిచాడు. గురువు దవడ కళ్ళెదుటే ఉంది. నోరు మూసుకున్నాడు.

“పలికిన గొంతు ఆమెది! ఊదిన ఊపిరి ఆమెది! నువ్వు పొడిచినవి చిల్లులు! ఫలం ఆమెదే... కోరుకో తల్లీ!”

ఆమె పెదవులు కదిలాయి. “ఆ... ఊ... ఆ...”

మేస్త్రీ వికటాట్టహాసం చేశాడు. “అడగలేదు! దాని నోట మాటేదీ? ఏం అడుగుతుంది? నన్నడుగు, నేను చెబుతాను!”

ఆమె చెయ్యి మెల్లగా లేచింది. వేలితో పెట్టెను చూపింది. తర్వాత తన గొంతును చూపింది.

“తథాస్తు!”

రీడ్లన్నీ ఒక్కసారి ఝల్లుమన్నాయి. గాలి సుడి తిరిగి ఆమె గొంతులోకి దూకింది. ఆమె విలవిల్లాడింది. పెట్టె ఖాళీ అయింది... ఖాళీ రీడు ఖాళీగా ఉండరాదు! ఆన పెట్టింది అతనే. ఎదుట ఉన్న గొంతూ అతనిదే.

“నేనే! నేనే...” అంటూనే మేస్త్రీ కుప్పకూలాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, గొంతుతో పాటు ఊపిరీ పెట్టెలోకి పోయింది. కపాలం పిండి పిండిగా రాలిపోయింది. గుడ్లగూబ తపతపా రెక్కలు కొట్టుకుంటూ వానలోకి వెళ్ళిపోయింది.

పెట్టె మాత్రం అతని గొంతుతో అంటూనే ఉంది. “నేనే... నేనే... నేనే...”

“అత్తయ్యా!”

ముసలావిడ ఉలిక్కిపడింది. నెలన్నర తర్వాత విన్న నిండు మాట! గబగబా వచ్చి కోడల్ని పొదివి పట్టుకుంది. ఆ తర్వాత నేలమీది కొడుకును చూసింది. గుండె చెరువైపోయింది.

కోడలి కాలు ఇంకా తిత్తి పెడల్ తొక్కుతూనే ఉంది. అది ఆడినంతసేపే ఆ గొంతు వినిపిస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“ఇంకాసేపు వింటారా అత్తయ్యా?” అని అడిగింది కోడలు. “తొక్కనా?”

తల్లి విన్నది. కళ్ళు మూసుకుని, రీడ్ల మీద చెయ్యి ఆనించి విన్నది.

“వద్దమ్మా,” అంది చివరికి. “నీ కాలు వాచింది. తియ్యి.”

ఆమె కాలు తీసింది.