నాలుగో మంచం పక్కన

మా బస్సు డిపోలో, నైట్ డ్యూటీ వాళ్లు పడుకునే గదిలో ఆరు మంచాలు. నాలుగోదాని జోలికి ఎవరూ పోరు. రెండేళ్ల కిందట ఒక పెద్దవయసు డ్రైవరు దానిమీద నిద్రలోనే పోయాడు. అప్పట్నుంచీ రాత్రిళ్లు అక్కడ ఎవరిదో గొంతు పిసుకుతున్నట్టు చప్పుడు... గుర్రుమని మొదలై, టక్కున ఆగి, ఉన్నట్టుండి ఊపిరికోసం కొట్టుకున్నట్టు—

విన్నవాళ్లు నిలువునా ముసుగు పెట్టుకుని తెల్లారేదాకా కన్నుమూయరు.

నేను కండక్టర్ని. నాకా చప్పుడు ఒక్కసారి వినపడితే ఒట్టు! అందుకే పక్కనున్న మూడో మంచం నాది. "వస్తే దెయ్యానికీ టిక్కెట్టు కొడతా" అని మీసం మెలేసేవాణ్ణి.

మొన్న మా అక్క మొగుడు డ్రైవరుగా మా డిపోకి మారాడు. ఆయనకి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. ముక్కుకి మాస్కు పెట్టే మిషను ఇస్తే పీకి అవతల పారేశాడు. చివరికి పళ్ల డాక్టరు ఒక క్లిప్పు చేసిచ్చాడు. రాత్రి పళ్లకి పెట్టుకుంటే కింది దవడని కాస్త ముందుకి పట్టి ఉంచుతుంది, గొంతు మూసుకుపోదు. "ఇన్నేళ్లకి నేనూ నిద్రపోతున్నారా" అంది అక్క, ఏడ్చినంత పనిచేసి.

ఆ రాత్రి బావ క్లిప్పు పెట్టుకుని ఒకటో మంచం మీద పడుకున్నాడు. తర్వాత జరిగింది ఆయన చెప్పిందే.

అర్ధరాత్రి దాటాక మెలకువొచ్చింది. గుర్ర్ర్... ఆగింది. మిగతా ముగ్గురూ ముసుగుల్లో వణుకుతున్నారు.

"లేవకండి... పెద్దాయన వచ్చాడు..."

బావకి మాత్రం ఆ చప్పుడు తెలుసు. ఒకప్పుడు తనదే అక్క ఫోన్లో రికార్డు చేసి వినిపించింది. టార్చి వేసి నాలుగో మంచం దగ్గరికి నడిచాడు. ఖాళీ. చప్పుడు లేదు. పది లెక్కపెట్టాడు... ఇరవై... ముప్పై...

టార్చి పక్కకి తిప్పాడు.

నన్ను పట్టి కుదిపేశాడు. దిగ్గున లేచి, "ఏంటి బావా, కనపడిందా?" అని నవ్వాను.

"నవ్వకురా." టార్చి నా మొహమ్మీదే ఉంచాడు. "ఆ చప్పుడు నీదే. ముప్పై ఎనిమిది లెక్కపెట్టాను... నువ్వు ఊపిరి తీసుకోలా."

నాలుగో మంచం పెద్దాయన కూడా అలాగే పోయుంటాడని అప్పుడు తట్టింది.

పరీక్షలయ్యాయి. నాకూ క్లిప్పు సరిపోతుందన్నారు. నిన్న పళ్ల అచ్చు తీసుకున్నారు. చేసివ్వడానికి మూడు వారాలట. సెలవడిగితే మేనేజరు, "గురకకి సెలవేంటయ్యా!" అన్నాడు. బావని వేరే రూటుకి వేశారు, రాత్రిళ్లు ఇక్కడ ఉండడు.

ఇప్పుడు రాత్రి ఒంటిగంట. దెయ్యం లేదని తెలిశాక గదిలో అందరికీ ధైర్యం వచ్చింది. నాలుగో మంచం మీద కూడా ఒకడు పడుకున్నాడు. ఇన్నాళ్లూ భయంతోనైనా నా చప్పుడు వింటూ మేలుకునేవాళ్లు.

"కాస్త వింటూ ఉండండర్రా, ఆగితే లేపండి" అని బతిమాలాను. "అలాగే అన్నా, నువ్వు పడుకో" అన్నారు.

పావుగంట కాకుండానే ముగ్గురూ హాయిగా నిద్రపోయారు... నాకు కళ్లు మూతలు పడుతున్నాయి.