చేసినవాడు ఆడని ఆట

"కదలకండి. కళ్ళు స్క్రీన్ మీదే ఉంచండి" అంది డాక్టర్ శార్వరి.

హేమంత్ కదల్లేదు. వాలుకుర్చీలో పడుకున్న ఆ పెద్దాయన తలకి గుండ్రటి టోపీ ఒకటి బిగించి ఉంది. ఎదురుగా స్క్రీన్ మీద ఒక పాత వీడియో గేమ్ బొమ్మలు వచ్చిపోతున్నాయి. నీళ్ళు నిండిన కోట, కూలిన మెట్లు, చేతిలో దివిటీతో ఒక చిన్నపిల్ల. బొమ్మ మారినప్పుడల్లా పక్కనున్న మరో స్క్రీన్‌లో అతని మెదడు పటం మీద ఎర్రటి చుక్కలు వెలుగుతున్నాయి.

"ఇన్ని చుక్కలా!" అంది వెనక కుర్చీలో ఉన్న నస్రీన్.

"ఇన్ని నేనూ ఎప్పుడూ చూడలేదు. ఆట ఆడినవాళ్ళకి గుప్పెడు వెలుగుతాయి. ఈయన తయారుచేసిన మనిషి కదా."

"ఒక్కడే చెయ్యలేదు" అంది నస్రీన్.

హేమంత్ టోపీ కింద నవ్వాడు. "చూశారా డాక్టర్? ఇంకా మొదలే పెట్టలేదు, ఈవిడ పోట్లాటకి దిగింది."

అప్పటికి లోకంలో కొత్త ఆటలన్నీ ఆటగాడి నాడి చూసి నడిచేవే. ఆడేవాడికి విసుగు పుడుతుందనిపిస్తే దారి సులువవుతుంది, గుండె దడదడలాడితే శత్రువు వెనక్కి తగ్గుతాడు. ఎవరూ ఓడిపోరు. అందుకేనేమో, ఎవరికీ లొంగని పాత ఆటల మీద జనానికి మోజు మళ్ళింది. విశాఖపట్నంలోనూ నిజామాబాద్‌లోనూ సంఘాలు పెట్టుకుని మరీ ఆడుతున్నారు. వాటిలో 'దివిటీ'కి ఉన్నంత పేరు మరో ఆటకి లేదు. అది వచ్చి నలభై ఏళ్ళు దాటింది. విజయవాడ పటమటలో ఒక అద్దెగదిలో, కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డ హేమంత్, నస్రీన్ కలిసి చేసిన ఆట అది. ప్రోగ్రామ్ అతను రాశాడు. బొమ్మలు, సంగీతం ఆమెవి.

లోకమంతా ఆడుతున్న ఆ ఆట హేమంత్‌కి మాత్రం ఆనందం ఇవ్వలేదు. ఏ మలుపులో గాలి వీచి దివిటీ ఆరిపోతుందో అతనికి తెలుసు, రాసిందే తను. కోట గోడ కనబడితే కోట కనిపించదు, అక్కడ తను సరిదిద్దని తప్పు కనిపిస్తుంది. శార్వరి యంత్రం గురించి విన్నప్పుడు అందుకే పరిగెత్తుకొచ్చాడు.

ఆ యంత్రం పేరు పరదా. అది చేసే పని చెప్పడానికి సులువే. మనం ఒక విషయాన్ని గుర్తుచేసుకున్నప్పుడు మెదడులో కొన్ని కణాలు కలిసి పనిచేస్తాయి. ఆ విషయం తాలూకు బొమ్మలు చూపించి, వెలిగిన కణాలేవో యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. తరవాత చెవికి వినబడని శబ్దతరంగాలు పంపి, ఆ కణాలని మాత్రం కాసేపు నిద్రపుచ్చుతుంది. ఆ కాసేపూ ఆ విషయం మనకి అసలు తెలియనట్టే ఉంటుంది. నిద్ర లేపగానే అంతా తిరిగొస్తుంది.

"ఒక్కటే జాగ్రత్త" అని శార్వరి వాళ్ళిద్దరికీ ముందే చెప్పింది. "పరదా వేసి ఉన్నంతసేపూ మెదడు ఆ ఆట గురించి కొత్త జ్ఞాపకాలు రాసుకుంటూనే ఉంటుంది. ఈ స్క్రీన్ మీద పసుపు గీత పైకి పాకడం చూస్తారు. అది ఎర్రగీతని తాకేలోపు ఆపెయ్యాలి. తాకితే కొత్త జ్ఞాపకాలు పాతవాటి చోటులోనే కుదురుకుంటాయి. ఇక పరదా తీసినా పాతవి రావు."

ఆడే మనిషికి తనేం పోగొట్టుకుంటున్నాడో ఆ సమయంలో తెలియదు. కాబట్టి ఆపే మీట అతను నమ్మిన మనిషి చేతిలో ఉండాలని చట్టం. హేమంత్ భార్యని కాకుండా నస్రీన్‌ని పిలిచాడు. అతనికీ నస్రీన్‌కీ చాలా ఏళ్ళుగా మాటల్లేవు.

"నన్నెందుకు పిలిచావు?" అని ఆమె అడిగింది.

"నీకు నా మీద జాలి లేదు. ఆపాల్సినప్పుడు ఆపుతావు" అన్నాడు.

మాటలు పోయింది ఆఖరి వంతెన దగ్గర. ఆటలో చివర ఒక విరిగిన వంతెన ఉంది. ఎప్పుడు గాలి వీస్తుందో తెలియదు, వీస్తే పిల్ల లోయలో పడుతుంది. దాటినవాళ్ళు బహు తక్కువ. గాలిని లెక్క లేకుండా వీచేలా రాశానని, దాటడం వట్టి అదృష్టమని హేమంత్ అందరికీ చెప్పేవాడు. ఆ గాలికి తగ్గట్టు సంగీతం అమర్చింది తనే కాబట్టి, అది వింటే ఎవరైనా దాటొచ్చని నస్రీన్ చెప్పేది. సంగీతం అలంకారం, దాటించేది ప్రోగ్రామ్ అని అతను ఒక సభలో అందరి ముందూ అనేశాడు. తను ఆటని పరీక్షించేటప్పుడు ఎప్పుడూ శబ్దం ఆపేసి ఆడేవాణ్ణని కూడా గొప్పగా చెప్పాడు. ఆ రోజు లేచి వెళ్ళిపోయిన నస్రీన్ మళ్ళీ ఇవాళే అతని ఎదుటికొచ్చింది.

శార్వరి పరదా వేసింది. పటం మీద ఎర్రచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

హేమంత్ కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు. ఆస్పత్రిలో ఏదో పరీక్షకి వచ్చాననుకుంటున్నాడు. నస్రీన్ని చూసి మర్యాదగా నవ్వాడు.

"మీరు ఇక్కడ పనిచేస్తారాండీ?"

 అతనితో నస్రీన్ పరిచయమంతా ఆ ఆటతోనే. పరదా ఆటతో పాటు తన మీద కూడా పడుతుందని డాక్టర్ చెప్పింది గానీ, అతని నోట 'మీరు' అని వినడం ఇదే మొదటిసారి.

"లేదండీ. ఊరికే చూడ్డానికొచ్చాను" అంది.

శార్వరి అతని చేతికి కంట్రోలర్ ఇచ్చింది. "పాత ఆటండీ. కాసేపు ఆడండి."

మొదటి మెట్టు మీదే గాలి వీచి దివిటీ ఆరిపోయింది. పిల్ల చీకట్లో పడిపోయింది.

"అదేంటి, చచ్చిపోయింది!" అన్నాడు హేమంత్ బిత్తరపోయి. రెండోసారీ అంతే. మూడోసారి పడ్డప్పుడు "దీన్ని ఎవడు చేశాడో గానీ మనుషులంటే గిట్టనివాడు" అన్నాడు.

"నిజమేనండీ" అంది నస్రీన్.

శార్వరి నవ్వాపుకుంది. కానీ హేమంత్ వదల్లేదు. కాసేపటికి కుర్చీ అంచుకి జరిగాడు. పిల్ల నీటి అంచున నడుస్తుంటే తనూ ఊపిరి బిగబట్టాడు. మలుపు తిరిగితే ఏముందో తెలియని మనిషి మొహం అది. నస్రీన్ ఆ మొహాన్ని పటమట గదిలో చూసింది, ఆట ఇంకా కాగితం మీద ఉన్న రోజుల్లో.

రెండో కోటలో అతను ఉన్నట్టుండి కంట్రోలర్ ఒళ్ళో పెట్టేశాడు.

"ఏమైంది?" అంది శార్వరి కంగారుగా.

"ఏం లేదు, ఈ పిల్లనగ్రోవి. ఒక్క నిమిషం నడవకుండా వింటాను." స్క్రీన్ మీద పిల్ల దివిటీ పట్టుకుని నిలబడిపోయింది. అతను తల వంచి విన్నాడు. "ఇది ఎవరు వాయించారోనండీ, ఆ పిల్లకి తోడుగా ఎవరో నడుస్తున్నట్టుంది."

నస్రీన్ మొహం పక్కకి తిప్పుకుంది. 

పసుపు గీత పాకుతూనే ఉంది. అతను వంతెన దగ్గరికి చేరేసరికి అది ఎర్రగీతకి బెత్తెడు దూరంలో ఉంది. మొదటి దూకులోనే పిల్ల లోయలో పడింది. మళ్ళీ పడింది. మళ్ళీ.

"నస్రీన్ గారూ, దగ్గరపడుతోంది" అంది శార్వరి లోగొంతుకతో.

"చూస్తున్నాను."

"గాలి ఎప్పుడొస్తుందో అంతు చిక్కట్లేదే!" అంటున్నాడు హేమంత్. "ఇది వట్టి అదృష్టమేనా?"

నస్రీన్ బొటనవేలు మీట మీదకొచ్చింది. సరిగ్గా అప్పుడే అతను చెయ్యెత్తాడు.

"ఉండండుండండి! పిల్లనగ్రోవి ఆగింది. అది ఆగాకే గాలి వచ్చింది. ఇందాకా అంతే. ఇది ముందే చెబుతోందండీ! ఇంతసేపూ నేను విననేలేదు!"

"ఇక ఆపాలి" అంది శార్వరి.

"ఒక్కసారి. ఒక్కసారి దాటనివ్వండి డాక్టర్" అంది నస్రీన్.

"గీత చూడండి!"

"ఒక్కసారమ్మా."

మీట నస్రీన్ చేతిలో ఉన్నా, యంత్రానికి కరెంటు తీసెయ్యడానికి శార్వరికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆమె చెయ్యి ఆ స్విచ్ దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. చిన్నప్పుడు ఆమె కూడా ఆ వంతెన మీదే ఓడి ఓడి, ఏడ్చి వదిలేసింది. ఆవల ఏముందో ఆమెకీ తెలియదు. ఆమె కళ్ళు గీత మీంచి వంతెన మీదకి పోయాయి.

పిల్ల దూకింది. పిల్లనగ్రోవి ఆగింది, పిల్ల ఆగింది. గాలి వచ్చి పోయింది. మళ్ళీ దూకింది.  ఆఖరి పలక మీద కాలు పెట్టి పిల్ల ఆవలి ఒడ్డుకి చేరింది. అక్కడ కోట దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

హేమంత్ చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. నస్రీన్ మీట నొక్కింది.

పసుపు గీత అప్పటికే ఎర్రగీత మీద ఉంది.

శార్వరి మెదడు పటం వైపు తిరిగింది. చుక్కలన్నీ తిరిగి వెలగాలి. కొన్ని వెలిగాయి. మిగతా చోటంతా నల్లగానే ఉండిపోయింది. యంత్రం ఆపి మళ్ళీ చూసింది, బొమ్మలన్నీ మొదటినుంచి చూపించి చూసింది.

నస్రీన్ అతని ఎదురుగా వచ్చి వంగింది. "హేమంత్, నన్ను చూడు. నేను ఎవర్ని?"

అతను ఇంకా సంతోషంతో రొప్పుతున్నాడు. "అరే, ఏడుస్తున్నారేంటండీ?" అన్నాడు. "దాటాను కదా!"

నెలల తరబడి వైద్యం చేశారు. భార్య, కూతురు, చదువు, తరవాత చేసిన ఉద్యోగాలు, అన్నీ అతనికి గుర్తున్నాయి. పటమటలో ఒక గది, అందులో చేసిన ఒక ఆట, పక్కన కూర్చున్న ఒక మనిషి, అవి మాత్రం లేవు. జరిగింది అతనికి చెప్పారు. ఆట మొదట్లో వచ్చే తన పేరు చూపించారు. అతను కాదనలేదు. పసితనంలో చేసిన అల్లరి గురించి పెద్దవాళ్ళు చెబితే విన్నట్టు విన్నాడు.

ఈ సంగతి బయటికి పొక్కగానే జనం భయపడి పరదాని ముట్టుకోరనుకుంది శార్వరి. మర్నాటినుంచే ఆస్పత్రి ముందు వరస కట్టారు. వాళ్ళలో ఆటల కోసం వచ్చినవాళ్ళెవరూ లేరు. విడిపోయిన మొగుణ్ణి మర్చిపోవాలని ఒకామె. కారు ప్రమాదంలో తన పక్క సీటులో ఉన్న తమ్ముణ్ణి మర్చిపోవాలని ఇంకొకతను. "గీత దాటనివ్వండి చాలు, మీట మాకెందుకు?" అని అడిగారు. శార్వరి ఆ గదికి తాళం వేసేసింది.

ఆర్నెల్ల తరవాత హేమంత్, నస్రీన్ కలిసి ఆమె దగ్గరికొచ్చారు.

హేమంత్ ఆరోగ్యంగా, ఇదివరకటికంటే కులాసాగా ఉన్నాడు. వారం వారం దివిటీ సంఘానికి వెళ్ళి ఆడుతున్నాడట. ఎవరైనా సంతకం అడిగితే "ఆ చేసినాయన్ని నేను ఎరగనండీ, నేను ఆడేవాణ్ణి" అంటాడట. రోజు విడిచి రోజు నస్రీన్‌కి ఫోన్ చేసి, ఫలానా చోట మద్దెల అలా ఎందుకు వేశారు, ఫలానా గోడకి ఆ నీలం రంగు ఎలా తట్టింది అని అడుగుతాడట. వినాలని ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాటలే అవి. కానీ తనతో వాదించిన హేమంత్ నోట వినాలనుకుంది.

"డాక్టర్ గారూ, ఒక్క కోరిక" అన్నాడు హేమంత్. "ఇప్పుడు ఆటంతా నాకు కంఠతా వచ్చేసింది. మొదటిరోజు పడ్డ సంబరం మళ్ళీ రావట్లేదు. ఇంకొక్కసారి పరదా వెయ్యండి."

శార్వరి నివ్వెరపోయింది. "మళ్ళీ గీత దాటితే? ఈసారి ఈవిడతో గడిపిన ఈ ఆర్నెల్లు కూడా పోతాయి."

అతను నస్రీన్ వైపు తిరిగాడు. "మనకి నలభై ఏళ్ళ పరిచయమని చెప్పారు. నాకు తెలిసింది ఈ ఆర్నెల్లే. అవీ పోతే మళ్ళీ పరిచయం చేసుకుందాం. మీరు ఇంతకుముందులాగే వచ్చి పక్కన కూర్చుంటారు కదా?"

"కూర్చోను" అంది నస్రీన్. "ఈసారి నేను పడుకుంటాను. మీరు కూర్చోండి."

"నస్రీన్ గారూ!" అంది శార్వరి.

"ఈయనకి ఆట బాగుంది. నా పాటలూ బాగున్నాయి. నాకే, ఆ పిల్లనగ్రోవి వినబడితే చాలు, ఆ రోజు మీట పట్టుకుని కూర్చున్నది గుర్తొస్తోంది. నా పాట నాకే వినబుద్ధి కావట్లేదమ్మా. ఒక్కసారి, చేసింది నేనని తెలియకుండా వినాలి."

"దానికేం, నేను కూర్చుంటాను" అన్నాడు హేమంత్ ఉత్సాహంగా. "ఎప్పుడు ఆపాలో చెప్పండి."

"మీరు ఆపకపోయినా ఫర్వాలేదు" అంది ఆమె.

శార్వరి లేచి నిలబడింది. "ఇద్దరికీ వెయ్యను. రేపు ఆ యంత్రాన్ని ముక్కలుగా విప్పించేస్తున్నాను."

"మరి దాన్ని ఎందుకు కనిపెట్టారు?" అన్నాడు హేమంత్ కోపంగా.

"ఇష్టమైనదాన్ని మళ్ళీ కొత్తగా చూస్తారని."

"మేం అడుగుతున్నదీ అదే కదా!"

శార్వరి వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది.

హేమంత్ విసురుగా బయటికి నడిచి, నస్రీన్ కోసం వరండాలో ఆగాడు. "బాధపడకండి. ఇలాంటి యంత్రం ఇంకెవరో ఒకరు పెట్టకపోరు. ఎక్కడుందో ఇద్దరం కలిసే వెతుకుదాం."

"పదండి" అంది నస్రీన్.