వణకని చెయ్యి

మంగళగిరిలోని ఆ ఇంట్లో తెల్లవారితే కాఫీ కన్నా ముందు మాత్ర. మల్లేశ్వరరావు మాత్ర మింగి, కాసేపు మంచం మీద కూర్చుని, ఆ తర్వాత స్టీలు గ్లాసు ఒంటిచేత్తో ఎత్తి, చుక్క ఒలక్కుండా కాఫీ తాగేవాడు. భార్య చౌడేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి అది చూసి మరీ వంటింట్లోకి వెళ్ళేది. జీవితమంతా మగ్గం మీద చీరలు నేసిన చెయ్యి, వణుకుడు జబ్బొచ్చి అన్నం ముద్దని నోటిదాకా తీసుకెళ్ళలేకపోయింది. విజయవాడలో నరాల డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలే ఆ చేతిని తిరిగిచ్చాయి. అందుకే ఆ ఇంట్లో మాత్రల డబ్బా దేవుడి పటం పక్కన ఉంటుంది.

చెయ్యి కుదురుకున్న కొన్నాళ్ళకి ఆయన గుడ్డల్లోంచి పోగులు లాగడం మొదలుపెట్టాడు. మొదట కండువా అంచు, తర్వాత దిండు గలీబు. కూర్చుంటే భోజనానికి పిలిచినా లేవడు. లాగిన పోగులు వరసగా పేరుస్తాడు, చెరిపేస్తాడు, మళ్ళీ పేరుస్తాడు. కోడలు రేణుక అడిగితే, "దీపాలకి వత్తులు చేస్తున్నారమ్మా" అనేది చౌడేశ్వరమ్మ. ఊళ్ళో గుళ్ళన్నిటికీ సరిపడా వత్తులు ఇంట్లో పేరుకున్నా, రేణుక మొహమాటంతో మరోమాట అడగలేదు. అడిగి ఉంటే ఎంత బాగుండేదో!

ఆ రోజు పొద్దున రేణుక ఐదు నెలల చక్రిని నడవలోని చీర ఉయ్యాలలో పడుకోబెట్టి, బట్టలు ఆరెయ్యడానికి డాబా మీదకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మామగారు ఉయ్యాల పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మనవణ్ణి ఊపుతున్నాడనుకుని నవ్వుకుంది. దగ్గరికొస్తే ఉయ్యాల ఊగడం లేదు. చీర అంచు దగ్గర చిన్న గాటు పెట్టి, ఆయన ఒక్కో అడ్డపోగూ మెల్లగా లాగుతున్నాడు. బిడ్డ వీపు కింద జానెడు మేర అడ్డపోగులు లేవు. నిలువు పోగులు మాత్రం పలచగా సాగి ఉన్నాయి. వాటి సందుల్లోంచి చక్రి చొక్కా కనిపిస్తోంది.

"మావయ్యగారూ!"

ఆయన తల తిప్పలేదు. ఆ వేళ్ళు వణకడం లేదు. ఇంకో పోగు వచ్చింది.

రేణుక బిడ్డని లాక్కున్న క్షణంలోనే కొన్ని పోగులు పటపటా తెగాయి. వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని గోడకి ఆనుకుని కూలబడింది. ఆ కేకకి భర్త జ్ఞానేశ్వర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది?"

"మీ నాన్నగారు పిల్లాడు పడుకున్న చీర ఊడదీస్తున్నారండీ! కింద గచ్చు. ఇంకొంచెం ఆలస్యమైతే..." బిడ్డ వీపు తడిమి చూసింది. "నేను హనుమాన్ జంక్షన్ వెళ్ళిపోతాను, మా అమ్మ దగ్గరికి. ఈ చేతులకి నా బిడ్డనివ్వను."

"తెలీక చేసుంటారమ్మా, పాత చీరేగా..." అంటూ వచ్చింది చౌడేశ్వరమ్మ.

"తెలీక కాదత్తయ్యా! రోజూ చేస్తున్నారుగా. వత్తులని మీరు నాకు అబద్ధం చెప్పలేదూ?"

చౌడేశ్వరమ్మ మొహం పాలిపోయింది. కొడుకు వైపు చూడలేక చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

"డాక్టరమ్మ పోయినసారి అడిగిందిరా. ఏదైనా పని మొదలెడితే ఆపలేకపోతున్నారా అని. లేదన్నాను. నిజం చెబితే మాత్ర ఆపేస్తుందని భయపడ్డాను. ముద్ద నోట్లో పెట్టుకోలేక ఈయన ఏడుస్తుంటే నేను చూశాను. మీరెవరూ చూళ్ళేదు. అందుకే పాత చీరలు నేనే ఇచ్చి కూర్చోబెట్టాను."

"నాన్నా, పిల్లాడు అందులో ఉన్నాడని చూసుకోలేదా?" అన్నాడు జ్ఞానేశ్వర్.

మల్లేశ్వరరావు తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తున్నాడు.

"ఉన్నాడని తెలుసురా," అన్నాడు మెల్లగా. "ఆపేద్దామనే అనుకున్నాను. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనిపిస్తుంటే... చెయ్యి నా మాట వినలేదు."

అప్పుడు అందరికీ నిజంగా భయమేసింది. ఆయనకైతే అందరికన్నా ఎక్కువ.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని విజయవాడ తీసుకెళ్ళారు. డాక్టరమ్మ అంతా విని, ముందుగా, "ఇది పిచ్చి కాదండీ" అంది. ఆ ఒక్కమాటకే చౌడేశ్వరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మెదడులో డోపమైన్ అని ఒకటుంటుంది. చెయ్యి మన మాట వినాలన్నా, ఏదైనా మళ్ళీ మళ్ళీ కావాలనిపించాలన్నా అది ఉండాలి. మనం ఇష్టమైనది తిన్నా, పాట విన్నా, ఫోన్లో వీడియోలు చూసినా అది కొంచెం కదులుతుంది. సిగరెట్టూ, తాగుడూ ఇంకా గట్టిగా కదుపుతాయి. మీకు చెయ్యి ఆడించే చోట అది తగ్గింది, అందుకే వణుకు. ఈ మాత్ర దాని బదులు పనిచేస్తుంది. కానీ చేతి దగ్గరే ఆగదు, ఆ కావాలనిపించే చోటుకీ వెళ్తుంది. దీంతో కొందరు తిండి ఆపలేరు, కొందరు పేకాట ఆపలేరు. మీరు పోగులతో బతికినవారు, అందుకే మీ చెయ్యి అక్కడికెళ్ళింది."

"మరి ఆపేద్దామా?" అన్నాడు జ్ఞానేశ్వర్.

"ఉన్నట్టుండి ఆపకూడదు. కొంచెం కొంచెంగా తగ్గిద్దాం, వేరే మందు చూద్దాం. కాకపోతే వణుకు కొంత తిరిగిరావచ్చు."

"వద్దండీ!" చౌడేశ్వరమ్మ చేతులు జోడించింది. "తలుపేసి నేను కాపలా కాస్తాను. ఆ చెయ్యి మాత్రం తీసుకోకండి."

"తగ్గించండి డాక్టరుగారూ," అన్నాడు మల్లేశ్వరరావు. "మగ్గం మీద ఒక్క పోగు తెగితే ఆగి, ముడేసి, అప్పుడు నేసేవాణ్ణి. ఇప్పుడు ఆ ఆగడమే పోయింది నాకు. ఆగలేని చెయ్యి నాకెందుకు?"

రేణుక అన్నంత పనీ చేసింది. బిడ్డతో పుట్టింటికి వెళ్ళిపోయి, రెండు నెలలు గడిచాక, భర్త ఎన్నోసార్లు బతిమాలితే వచ్చింది. పెట్టె కూడా విప్పలేదు. వచ్చిన మర్నాడు పొద్దున వంటింటి గుమ్మంలోంచి చూస్తే, మామగారు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కాఫీ తాగుతున్నాడు. సగం లుంగీ మీద ఒలికింది. కోడల్ని చూసి సిగ్గుపడి చేతులు కండువా కింద దాచుకున్నాడు.

ఆ దాచుకోవడం చూసి రేణుక వంటింట్లోంచి ఇవతలికొచ్చింది. చక్రిని తీసుకెళ్ళి ఆయన ముందు కూర్చుంది.

"వద్దమ్మా, వణుకుతోంది. పడేస్తాను."

"వణకనివ్వండి మావయ్యగారూ. వణకని చేతికే నేను భయపడ్డాను. కింద నా చెయ్యి వేసి ఉంచుతాలెండి."

చక్రి ఊరుకుంటాడా! తాతగారి కండువా అంచు పట్టి గుంజాడు. ఒక పోగు ఊడి, వేలాడింది. మల్లేశ్వరరావు చూపు దానిమీదే నిలిచిపోయింది. వంటింట్లో చౌడేశ్వరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. రేణుక బిడ్డని పొదివిపట్టుకుంది.

ఆయన చెయ్యి వణుకుతూ ఆ పోగు దగ్గరికి వెళ్ళింది. ఒకసారి తప్పింది, రెండోసారీ తప్పింది. చివరికి వేళ్ళకి అందింది. ఆయన దాన్ని లాగలేదు. పక్క పోగుతో కలిపి, ఎంతోసేపు తంటాలుపడి, చిన్న ముడి వేశాడు.

"చాలు," అని తనకి తనే చెప్పుకుని, కండువా తీసి పక్కన పెట్టాడు. తర్వాత ఏడుస్తూనే మనవడి కోసం చేతులు చాపాడు.