కొమ్మలు తుంచరాదు

"మీ టేబుల్ గీత దాటి జానెడు ముందుకొచ్చిందండీ."

"ఏ గీత?"

"నేను సున్నంతో గీసింది."

"ఆ సంగతి టేబుల్‌కి తెలీదు కదండీ."

శనివారం పొద్దున్న వాళ్ళిద్దరి మధ్య నడిచిన మొదటి సంభాషణ ఇదే. ఆ తర్వాత అతను టేపు తీసి కొలిచాడు. ఆమె చేతులు కట్టుకుని, కొలిచేదాకా ఓపిగ్గా చూసింది. టేబుల్ మాత్రం కదల్లేదు.

అతను ఆడిటర్. ఒక సిమెంటు కంపెనీలో లెక్కలు తనిఖీ చేస్తాడు. ఇంటికొచ్చాక పాలవాడి లెక్క, ఫ్రిజ్‌లో పెరుగు తేదీ కూడా తనిఖీ చేస్తాడు కాబట్టి ఇంట్లోవాళ్ళు కూడా అతన్ని ఆడిటర్ అనే పిలుస్తారు.

ఆమె కేకులు చేస్తుంది. ఈమధ్య దాకా ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చుని, జరగబోయే ప్రమాదాల గురించి జనానికి ఫోన్లో చెప్పేది. అది మానేసి ఇంట్లో ఓవెన్ పెట్టుకుంది. ఇంట్లోవాళ్ళు దీన్నే అసలు ప్రమాదంగా లెక్కేశారు. చివరికి ఒప్పందం కుదిరింది. ఈ శని, ఆదివారాల్లో స్టాల్ బాగా నడిస్తే ఓవెన్ ఉంటుంది. నడవకపోతే సోమవారం ఆమె మళ్ళీ ఆఫీసులో ఉంటుంది. మేనేజరు పుణ్యాత్ముడు, ఆమె కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంచాడు.

ఆడిటర్ వాళ్ళమ్మ తన తోటని ఆ రెండ్రోజులూ అందరికీ తెరిచింది. వీధి సంఘం వాళ్ళ ఆలోచన అది. మొక్కలు చూడ్డం ఉచితం. గేటు దగ్గర మొక్కల స్టాళ్ళు, చెట్టు కింద తిండి స్టాళ్ళు. ఆవిడ నెల ముందునుంచే కుండీలకి రంగులేయించింది, దారి పొడవునా రాళ్ళు కడిగించింది. శనివారం తెల్లవారగానే నాన్నగారి చిరుగుల బనియన్నీ, అందులో ఉన్న నాన్నగారినీ వెనకగదిలోకి పంపించేసింది. వచ్చినవాళ్ళలో సగం మంది మొక్కల్ని చూసినంతసేపూ కిటికీలోంచి వంటింటి టైల్స్‌ని కూడా చూశారు.

ఆవిడ భయమల్లా ఒక్కటే. "ఒరేయ్, మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళని నమ్మకూడదు. అడిగి తెచ్చుకున్న కొమ్మ బతకదనుకుంటారు. మన కళ్ళముందే తుంచి చేతిసంచిలో వేసుకుంటారు. తడిగుడ్డ కూడా ఇంటినుంచే తెచ్చుకుంటారు."

అమ్మకి ఈ విషయంలో ఇంత లోతైన అవగాహన ఎలా వచ్చిందో ఆడిటర్ ఎప్పుడూ ఆలోచించలేదు. 'కొమ్మలు తుంచరాదు' అని ఎర్రరంగుతో బోర్డు రాసి పెట్టి, కాపలా డ్యూటీ ఎక్కాడు.

డ్యూటీలో భాగంగా కేకుల స్టాల్ దగ్గరికి పదే పదే వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ ఒక్క మొక్క కూడా లేదు.

"తినండి," అంటూ ఆమె క్యారెట్ కేకు ముక్క ఇచ్చింది.

"దేనికి?"

"గీత గురించి మాట్లాడకుండా ఉంటారని."

"దీన్ని లంచం అంటారండీ."

"బావుందా?"

"ఇంకో ముక్క చూస్తేగానీ చెప్పలేను."

మధ్యాహ్నానికి ఉన్నట్టుండి చినుకులు మొదలయ్యాయి. ఆడిటర్ పరుగున వెళ్ళి గొడుగు తెచ్చి, బుద్ధిగా కేకుల మీద పట్టాడు. ఆమె జుట్టంతా తడిసిపోయింది. అతను కూడా తడిసిపోయాడు.

"గొడుగు వాటికేనా?"

"కేకులు తడిస్తే పాడైపోతాయి కదండీ."

"మరి నేను?"

ఆడిటర్ ఆలోచించాడు. "మీరు ఆరిపోతారు."

ఆమె పకపకా నవ్వింది. తనన్నదాంట్లో నవ్వడానికి ఏముందో అతనికి అర్థం కాలేదు గానీ, ఆ నవ్వు ఆగకుండా ఉంటే బావుండుననిపించింది.

సరిగ్గా అప్పుడే తోటలోంచి అమ్మ కేక వినిపించింది.

రెండు రంగుల గులాబీ. రేకు బయటంతా పసుపు, లోపలంతా ఎరుపు. తోటకంతా అదే రాణి. దాని కొమ్మలు రెండు మాయమయ్యాయి. ఆడిటర్‌కి ఒక్కసారిగా ఒళ్ళు తెలీని ఉత్సాహం వచ్చింది. మొక్క మొదట్లోంచి బురద అడుగులు పట్టుకుని వెతుక్కుంటూ వెతుక్కుంటూ వస్తే, అవి కేకుల టేబుల్ వెనక ఆగాయి. టేబుల్ కింద ఒక హ్యాండ్‌బ్యాగ్ ఉంది. దాని జిప్పులోంచి చిన్న ఆకు బయటకి తొంగి చూస్తోంది.

"ఈ బ్యాగ్ ఎవరిదండీ?"

"నాదే."

"ఒకసారి తెరుస్తారా?"

చుట్టూ జనం మూగారు. ఆమె తెరిచింది. లోపల పూల అంచు రుమాలు ఒకటి, తడిపి, మడిచి. అందులో రెండు కొమ్మలు. ఆ రుమాలు చూడగానే ఆమె మొహం మారిపోయింది. ఒక్క క్షణం దూరంగా బెంచీ మీదకి చూసింది. అక్కడ, ఆమెకి తోడుగా వచ్చిన వాళ్ళమ్మ ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు మొక్కజొన్న పొత్తు తింటోంది.

ఆ చూపు ఆడిటర్ గమనించలేదు. అతను కొమ్మలు లెక్కపెడుతున్నాడు.

"నేనే తుంచాను," అందామె.

ఆ తర్వాత ఒక్కరు కూడా స్టాల్ దగ్గరికి రాలేదు. దగ్గరదాకా వచ్చినవాళ్ళు "షుగరండీ" అంటూ పక్కకి తప్పుకున్నారు. రెండు గంటల్లో ఆ వీధిలో అంతమందికి షుగర్ రావడం వైద్యశాస్త్రంలో వింతే. సంఘం సెక్రటరీ గారొచ్చి, "రేపు మధ్యాహ్నంలోగా స్టాల్ తీసెయ్యమ్మా, సంఘం పరువు," అని చెప్పి, తీసెయ్యబోయే స్టాల్లోంచి ఒక కప్‌కేకు ఊరికే తీసుకెళ్ళారు.

ఆడిటర్ నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. "ఒక్క మాట అడిగుంటే నేనే ఇచ్చేవాణ్ణి కదండీ."

"మీరు బ్యాగ్ తెరవమన్నారు, తెరిచాను. ఇంకా ఏమైనా తనిఖీ మిగిలుందా?"

లేదు. రాత్రి అతనికి అన్నం సహించలేదు. పెరుగు తేదీ కూడా చూడలేదు.

ఆదివారం పొద్దున్నే, మిగిలిన కొమ్మలకి కాపలాగా గులాబీ వెనక నక్కి కూర్చున్నాడు. కాసేపటికి ఒక చెయ్యి వచ్చింది. చేతిలో గోళ్ళ కత్తెర, పూల అంచు రుమాలు.

"ఆంటీ!"

"అమ్మో! నువ్వా బాబూ, గుండాగిపోయింది."

కేకులమ్మాయి వాళ్ళమ్మ. ఆడిటర్ రుమాలు వంక చూశాడు. లెక్క సరిపోయింది.

"అంటే నిన్న..."

"నేనే. దాని బ్యాగులో అయితే ఎవరూ చూడరనుకున్నా. నేనే చెప్పేస్తానే అంటే, నోరెత్తావంటే ఊరుకోను అంది. వాళ్ళ నాన్నకి తెలిస్తే జన్మంతా నన్ను దెప్పుతాడని దాని బాధ. నిన్నట్నుంచీ నాతో మాట్లాడ్డం లేదు."

"మరి మళ్ళీ వచ్చారేంటి?"

"నిన్నటివి మీ అమ్మ లాక్కుంది కదా!" ఆవిడ గొంతు తగ్గించింది. "అయినా ఇది నా మొక్క బాబూ. పోయినేడు మా ఆయన మోకాలి ఆపరేషన్‌కి పలకరించడానికొచ్చి, వెళ్తూ వెళ్తూ మీ అమ్మ మా బాల్కనీలోంచి కొమ్మ తుంచుకుపోయింది. తర్వాత నాది ఎండిపోయింది. నా మొక్క పిల్లని నేను తీసుకుంటే దొంగతనమా?"

పక్క దారిలోంచి అమ్మ గొంతు వినిపించింది. జనానికి తోట తిప్పి చూపిస్తోంది. "ఈ గులాబీ కొండ ప్రాంతం నుంచి ప్రత్యేకంగా తెప్పించానండీ!"

"మాది నాలుగో అంతస్తు కదా," అందావిడ, "కొండే."

ఆడిటర్ అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. నిజం చెబితే ఈవిడ పరువు పోతుంది, ఆ అమ్మాయి పడ్డ మాటంతా వృథా అవుతుంది. పూర్తి నిజం చెబితే వందమంది ముందు అమ్మ పరువు పోతుంది. చెప్పకపోతే రేపు ఆ అమ్మాయి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంటుంది. ఏ పద్దులో రాసినా ఎవరో ఒకరు మునుగుతున్నారు. ఇంకా మునగనివాడు తనొక్కడే.

లేచి చెట్టు కిందకి వెళ్ళాడు. ఆమె అప్పుడే డబ్బాలు సర్దేస్తోంది. సెక్రటరీ గారు మైకులో, గేటుకి అడ్డంగా పెట్టిన తెల్లకారు ఎవరిదో తీయమని బతిమాలుతున్నారు. ఆ కారు ఆయనదే అని తర్వాత తెలిసింది. ఆడిటర్ మైకు అందుకున్నాడు.

"నిన్న ఆ బ్యాగులో కొమ్మలు పెట్టింది నేను."

తోటంతా ఇటు తిరిగింది. ఆమె చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

"మరి పట్టుకుందీ నువ్వే కదయ్యా?" అన్నారు సెక్రటరీ గారు.

"ఎవరు పెట్టారని అందరూ అడిగితే అప్పుడు చెబుదామనుకున్నానండీ. ఎవరూ అడగలేదు. ఈ అమ్మాయి తన మీదేసుకుంది."

అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "నా గులాబీ విరిచి ఆ పిల్ల బ్యాగులో పెట్టావా? ఎందుకురా?"

దీనికి ఆడిటర్ జవాబు తయారుచేసుకోలేదు. నోటికి వచ్చిందే చెప్పాడు. మైకు ఆన్‌లోనే ఉంది.

"ఇష్టం కాబట్టి."

"ఇష్టమైతే పువ్విస్తారు గానీ కొమ్మ విరిచిస్తారట్రా!"

"పువ్వు సాయంత్రానికి వాడిపోతుందమ్మా. కొమ్మయితే నాటుకుంటారని."

ఆడవాళ్ళలోంచి "అబ్బా" అని వినిపించింది. ఒకావిడ భర్త వైపు తిరిగి "చూశారా?" అంది. ఆయన మొక్కజొన్న పొత్తులో మొహం దాచుకున్నాడు.

అప్పటిదాకా షుగర్ ఉన్నవాళ్ళందరికీ తగ్గిపోయింది. మధ్యాహ్నం లోపే కేకులన్నీ అయిపోయాయి. కొన్నవాళ్ళు కేకు కంటే అమ్మాయినే ఎక్కువసేపు చూశారు గానీ, డబ్బులు కేకుకే ఇచ్చారు.

సందడి తగ్గాక ఆడిటర్ వాళ్ళమ్మ వెళ్ళి అమ్మాయి వాళ్ళమ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది.

"మావాడికి కొమ్మ తుంచడం చేతకాదు వదినగారూ. మూడు కణుపులు ఉంచి, ఏటవాలుగా కోసి, తడి రుమాల్లో చుట్టడం ఈ వీధిలో మనిద్దరికే తెలుసు."

అవతలావిడ చేతిలో రుమాలు కొంగు చాటున దాచుకుంది. "మీవాడు మంచోడు వదినగారూ."

"మీ పిల్లకి ఈ విద్య అబ్బిందా?"

"లేదండీ. దానికి కేకులే."

"పోన్లెండి," అంది ఆవిడ స్థిమితంగా, "తోటకి ఒక్కరే ఉండాలి. సాయంత్రం వస్తే కొమ్మ నేనే కోసిస్తాను. ముహూర్తాల మాట కూడా అప్పుడే మాట్లాడుకోవచ్చు."

చెట్టు కింద ఆమె టేబుల్ గుడ్డ మడతపెడుతోంది. ఆడిటర్ వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

"పెట్టింది మీరు కాదు," అందామె.

"కాదు."

"మైకులో అందరి ముందూ అబద్ధం చెప్పారు."

"చెప్పాను."

"మొత్తం అబద్ధమేనా?"

"మొదటి సగమే."

ఆమె మడతపెట్టిన గుడ్డని విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"రేపు ఆఫీసుకి వెళ్ళట్లేదు. పొద్దున్నే మైదా బస్తా వస్తోంది. మా లిఫ్టు పాడైపోయింది."

"బస్తా ఎన్ని కిలోలుంటుందండీ?"

"లెక్కలడుగుతారా, మోస్తారా?"

"మోస్తాను," అన్నాడు ఆడిటర్.