తాడు చివర తబిత

“కాళ్ళు తన్నిపెట్టండి! నడుం వెనక్కి వాల్చండి! తాడు వదలకండి!” అశోక్ సార్ గొంతు గ్రౌండంతా మోగుతోంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆటల పీరియడ్. ఇటు ఎనిమిది మంది ఏడో తరగతి ఆడపిల్లలు. అటు ఎనిమిది మంది మగపిల్లలు. మధ్యలో లావాటి కొబ్బరి తాడు. దాని నడిమికి కట్టిన ఎర్ర గుడ్డ ఎటు జరుగుతుందా అని మిగతా పిల్లలు గోడ పక్కన చేరి అరుస్తున్నారు.

ఆడపిల్లల వరసలో పావనిది ఏడో చోటు. ఆమె వెనక, తాడు చివర, తబిత ఉంది.

చివర నిలబడే మనిషిని యాంకర్ అంటారు. యాంకర్ తాడును చంక కిందుగా పోనిచ్చి, వీపు మీదుగా తిప్పి, భుజం మీంచి ముందుకు వేసుకుంటుంది. మిగతావాళ్ళకి తాడు చేతుల్లో ఉంటుంది. యాంకరేమో తాడు లోపల ఉంటుంది.

తబితది బరువైన ఒళ్ళు. ఖోఖోలో ఆమెను ఎవరూ కోరుకోరు. కబడ్డీలో జట్లు పంచుకున్నాక ఒక్కతే మిగిలిపోతుంది. “బస్తా వచ్చింది, దారివ్వండ్రోయ్” అని మగపిల్లలే కాదు, ఆడపిల్లలూ ఏడిపిస్తారు. తాడు లాగుడు జట్టు కట్టినప్పుడు మాత్రం సార్ అందరికంటే ముందు తబిత పేరే పిలిచారు.

ఆ రోజే సార్ తన ఫోన్‌లో వాళ్ళకి ఒక వీడియో చూపించారు. పచ్చగడ్డి మీద పదహారు మంది ఆడవాళ్ళు, వీపులు నేలకి తగులుతాయేమో అన్నంతగా వాలి, తాడు లాగుతున్నారు.

“వీటిని వరల్డ్ గేమ్స్ అంటారు. ఒలింపిక్స్‌లో లేని ఆటలకి నాలుగేళ్ళకోసారి జరిగే పోటీలు. 2025లో చైనాలో జరిగాయి. ఈ తాడు లాగుడు ఒకప్పుడు ఒలింపిక్స్‌లోనూ ఉండేది. వందేళ్ళ కిందట తీసేశారు” అన్నారు సార్.

“తీసేసిన ఆటలకి కూడా ఒక చోటుందా సార్?” అని అడిగింది తబిత.

“ఎందుకుండదే?”

“మళ్ళీ ఎప్పుడండి?”

“2029లో. జర్మనీలో.”

తబిత వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. “అప్పటికి నాకు పదహారొస్తాయే” అని పావని చెవిలో చెప్పింది. ఆ తర్వాత ఎవరైనా బస్తా అంటే తల దించుకోవడం మానేసింది. “ఆయ్, బస్తానే. దమ్ముంటే కదుపు చూద్దాం” అనేది.

రాజమండ్రిలో పోటీలు దగ్గర పడ్డాయి. బాగా లాగినవాళ్ళని పై శిక్షణకి ఎంచుకోవడానికి అక్కడికి కోచ్‌లు వస్తారట. అందుకే సార్ రోజూ ఎండలో ఇలా లాగిస్తున్నారు.

“పుల్!” అని మళ్ళీ అరిచారు సార్.

పావని లాగింది. మొదట్లో ఆమె ఎప్పుడూ గట్టిగానే లాగుతుంది. కానీ కొబ్బరి పీచు అరచేతుల్లోకి ముళ్ళలా దిగుతోంది. బొబ్బలు చితికి మండుతున్నాయి. మగపిల్లలు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నారు. ఎర్ర గుడ్డ అటువైపే పోతోంది.

‘ఎలాగూ ఓడిపోతున్నాం’ అనుకుంది పావని. ‘ఇంతమంది ఉన్నారు కదా.’

పావనికి చిన్నప్పటి నుంచి తెలిసిన తాడు ఒక్కటే, వాళ్ళ ఊరి రథం తాడు. మాఘమాసంలో తిరనాళ్ళప్పుడు ఊరంతా ఆ తాడు పట్టుకుంటుంది. పావని కూడా నాలుగడుగులు లాగి, తాడుని కళ్ళకద్దుకుని, చేతులు నొప్పెట్టగానే వదిలేసి పక్కకి తప్పుకుంటుంది. వెనకనుంచి ఇంకెవరో వచ్చి పట్టుకుంటారు. ఎవరు వదిలినా రథం ఆగదు.

పావని చేతులు వదిలేసి పక్కకి జరిగింది.

తాడు ఒక్క కుదుపు కుదిపింది. ముందున్న పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. చేతుల్లోంచి తాడు జారిపోయింది కాబట్టి వాళ్ళు పడ్డచోటే ఆగారు. తబిత ఆగలేదు. తాడు ఆమె ఒంటి చుట్టూ ఉంది. అటువైపు ఎనిమిది మంది బలం ఆమె ఒక్కదాన్ని బోర్లా ఈడ్చుకుపోయింది. సార్ విజిల్ ఊదుతూ పరుగెత్తారు.

తబిత లేచి కూర్చుంది. కుడి మోచెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. ఆమె ఏడవలేదు. “సార్, నా చెయ్యి ఏంటండి ఇలా అయిపోయింది?” అని అడిగింది.

సార్ ఆమెను ఆటోలో ఎక్కించుకుని రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గ్రౌండ్‌లో తాడు ఎక్కడిదక్కడే పడి ఉంది.

జట్టు కెప్టెన్ వెంకటదుర్గ బట్టలకంటిన దుమ్ము దులుపుకుంటూ పావని దగ్గరకొచ్చింది. “ఎవరే వదిలింది? నా వెనక ఉన్నది మీ ఇద్దరే. తబిత వదిలినా తాడు దాని ఒంటి మీదే ఉంటుంది. నువ్వేనా?”

“చేతులు మండిపోయాయే. రథం లాగేటప్పుడు మధ్యలో వదలమా ఏంటి? నువ్వూ వదుల్తావు కదా.”

“రథాన్ని అటునుంచి ఎవరైనా లాగుతారా?” అంది వెంకటదుర్గ.

ఆ మాట అని వెళ్ళిపోయింది. మిగతా పిల్లలూ ఆమె వెనకే వెళ్ళారు.

ఆ సాయంత్రం ఇంట్లో పావని అన్నంలో చారు పోసుకుంది. చేతికి తగలగానే చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కుంది. అమ్మ సత్యలక్ష్మి ఆ చెయ్యి తిప్పి చూసింది.

“ఇవి ఒక్కరోజు బొబ్బలు కావు. మీ సార్‌కి చూపించావా?”

“చూపిస్తే జట్టులోంచి తీసేస్తారని...” పావని మాట మింగేసింది. తర్వాత ఏడుస్తూ జరిగిందంతా చెప్పేసింది.

అమ్మ కోప్పడలేదు. స్పూను తెచ్చి కంచంలో పెట్టింది. “చెంచాతో తిను. తబిత ఎలా తింటోందో” అంది. పావని కంచం పక్కకి జరిపేసింది.

తబిత ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిందని తెలిశాక అమ్మ చక్కెరకేళీ అరటిపళ్ళ అత్తం ఒకటి సంచిలో పెట్టింది. ఇద్దరూ కాలవ గట్టు మీదుగా తబిత వాళ్ళ ఇంటికి నడిచారు.

తబిత వాళ్ళమ్మ జ్ఞానమ్మ గుమ్మంలో కూర్చుని కూతురికి జడ వేస్తోంది. వీళ్ళని చూసి గబగబా లేచి కుర్చీ తుడిచింది. “ఆయ్, రండమ్మా, కూర్చోండి. పావనమ్మా, రా తల్లీ. మీ ఫ్రెండు ఎవరితోనూ మాట్లాడట్లేదు. నువ్వన్నా మాట్లాడించు.”

“డాక్టరుగారు ఏమన్నారు జ్ఞానమ్మా?” అని అడిగింది సత్యలక్ష్మి.

“కీలు దగ్గర విరిగిందంటండి. ఆపరేషన్ చేసి లోపల తీగలేసేరు. చెయ్యి పూర్తిగా చాపగలదో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారండి.” జ్ఞానమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “తాడు మాత్రం ఇంక పట్టుకోవద్దని గట్టిగా చెప్పేరండి. అది విన్న కాణ్ణించి ఇలాగే ఉంది.”

పెద్దవాళ్ళు లోపలికి వెళ్ళారు. పావని తబిత పక్కన కూర్చుంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో దిండు మీద ఉంది. సగం వేసిన జడ ఊడిపోతోంది.

“తబితా, తాడు వదిలింది నేనేనే.”

“తెలుసు.”

“ఎవరు చెప్పారు? వెంకటదుర్గా?”

“ఎవరూ చెప్పక్కర్లేదు. చివరున్న మనిషికి అందరి చేతులూ తెలుస్తాయి.” తబిత వీధిలోకే చూస్తూ మాట్లాడింది. “వెంకటదుర్గ కుదుపుతూ లాగుద్ది. ఎవరైనా రానప్పుడు దిగే శ్రీదివ్యకి కాళ్ళు జారతాయి. నువ్వేమో మొదట్లో లాగి, తర్వాత పట్టుకున్నట్టు ఉంటావంతే. రోజూ అంతే. నీ వంతు కూడా నేనే లాగేదాన్ని.”

పావని చెవులు వేడెక్కాయి. “మరి సార్‌కి ఎందుకు చెప్పలేదే?”

“చెప్తే నిన్ను తీసేస్తారు. జట్టు మొత్తంలో నన్ను బస్తా అననిదానివి నువ్వొక్కదానివే.”

లోపల పెద్దవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. పావనికి ఏదో ఒకటి అనాలనిపించింది. “చెయ్యి తగ్గిపోద్దిలే. జర్మనీ పోటీలకి ఇంకా టైముంది కదే” అంది.

“నాకు అలాంటివి చెప్పకు.” తబిత ముఖం అటు తిప్పుకుంది. “నువ్వు ఇంటికెళ్ళిపో పావనీ.”

మర్నాడు బడికి వెళ్ళగానే పావని అశోక్ సార్ దగ్గరికి వెళ్ళింది. తాడు వదిలింది తనేనని చెప్పింది. బొబ్బలు కూడా చూపించింది.

సార్ వంగి ఆ చేతులు చూశారు. “తప్పు నాది కూడా” అన్నారు. “అందరి చేతులూ రోజూ చూడాల్సింది నేనే.”

“నన్ను జట్టులోంచి తీసేయండి సార్.”

“తబిత చోట్లోకి శ్రీదివ్య వస్తోంది. శ్రీదివ్య తప్ప అదనంగా ఇంకెవరూ లేరు. నువ్వూ తప్పుకుంటే మిగిలేది ఏడుగురు. ఏడుగురిని దిగనివ్వరు. చేతులు మానేదాకా తాడు ముట్టుకోకు. తర్వాత వచ్చి అదే చోట్లో నిలబడు.”

చేతులు మానాయి. పావని అదే చోట్లో నిలబడింది. ఎవరూ ఆమెతో పెద్దగా మాట్లాడలేదు. తాడు పట్టుకున్నప్పుడల్లా తన వెనక ఉన్న శ్రీదివ్య చాలా తేలిగ్గా అనిపించేది. ఎంత లాగినా వెనక గోడ లేని ఇంట్లో వీపు ఆన్చినట్టుండేది.

రాజమండ్రి పోటీల రోజు తబిత కూడా వచ్చింది. చూడ్డానికైనా రమ్మని సార్ వ్యానులో తీసుకొచ్చారు. మెడకి కట్టిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని, గ్రౌండ్ అంచున మెట్ల మీద దూరంగా కూర్చుంది.

అవతలి జట్టు పిల్లలు దిట్టంగా ఉన్నారు. వాళ్ళ యాంకర్‌ని ఒక కోచ్ పక్కకి పిలిచి పేరు అడుగుతున్నారు. పావని మెట్ల వైపు చూసింది. తబిత కూడా అదే చూస్తోంది.

మొదటి లాగుడు మొదలైన కాసేపటికే ఓడిపోయారు.

మూడింట్లో రెండు గెలవాలి. రెండోదానికి మళ్ళీ నిలబడ్డారు. ముందురోజు వాన పడిందేమో, నేల మెత్తగా ఉంది. రిఫరీ చెయ్యి దించారు. “పుల్!”

కాసేపు ఎర్ర గుడ్డ కదల్లేదు. తర్వాత అటువైపు జరిగింది. పావని మడమలు బురదని దున్నుకుంటూ ముందుకు పోతున్నాయి. అరచేతులు మళ్ళీ మండటం మొదలుపెట్టాయి.

“అయిపోయిందే, మన వల్ల కాదు” అంది ముందున్న వెంకటదుర్గ రొప్పుతూ.

అయిపోయిందని పావనికీ తెలుసు. అయినా వేళ్ళు సడలించలేదు. వెనక శ్రీదివ్య కాళ్ళు జారుతున్నట్టు తాడులోనే తెలిసింది. పావని నడుం ఇంకా కిందికి దించి, ఆ బరువు తన మీద వేసుకుంది. ఇన్నాళ్ళూ తబిత లాగిన వంతు ఎంతుంటుందో ఆమెకి అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లాగింది.

ఎర్ర గుడ్డ గీత దాటింది. విజిల్ మోగింది.

వాళ్ళ జట్టు ఓడిపోయింది. వెంకటదుర్గ తాడు వదిలేసి బురదలో కూలబడింది. మిగతావాళ్ళు కూడా వదిలేశారు. అవతలి పిల్లలు కేకలు వేస్తూ, తాడు పట్టుకునే గెంతుతున్నారు. వాళ్ళు గెంతినప్పుడల్లా తాడు అటు లాగుతోంది.

“వదిలెయ్యవే పావనీ, ఓడిపోయాం” అని ఎవరో అన్నారు.

పావని వదల్లేదు. ఒక్కతే, మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో తాడుని పట్టుకుని ఉంది. అరచేతుల కింద పీచు ఎర్రగా తడిసింది. ఆమె తల వెనక్కి తిప్పింది. శ్రీదివ్య తన భుజం మీది తాడుని ఇంకా తీసుకుంటోంది. బురద చేతులకి తాడు జారి తీయడం ఆలస్యమవుతోంది.

మెట్ల మీద తబిత లేచి నిలబడింది. ఆమె నవ్వలేదు. ఇటే చూస్తోంది.

“తాడులోంచి బయటికొచ్చేశావా?” అని శ్రీదివ్యని అడిగింది పావని.

“ఉండవే, చంక కిందిది తీస్తున్నా.”

“నిదానంగా తియ్యి. నేను పట్టుకునే ఉన్నా.”

“ఆ, వచ్చేశా” అంది శ్రీదివ్య.

పావని ఇంకోసారి వెనక్కి చూసుకుని, అప్పుడు వేళ్ళు విప్పింది.