మూడో గొంతు

సామాన్ల గదినే ఆమె స్టూడియోగా మార్చుకుంది. కిటికీకి చెక్క కొట్టించి, గోడల పొడుగునా పాత పరుపులు నిలబెట్టింది. తలుపు వేస్తే మిట్టమధ్యాహ్నమైనా లోపల చీకటే. మక్కిన దూది వాసన. బయటి చప్పుడు ఒక్కటీ లోపలికి రాదు. పదిహేనేళ్లు పెద్ద స్టూడియోలో పాటలు మిక్స్ చేసిన మనిషి. అది మూతపడ్డాక ఈ గదే ఆమెకు కొలువు.

ఈసారి చేతికొచ్చింది కూతురి పాట. రాక్ పాట. ఒక్కో వాయిద్యాన్నీ గొంతునూ విడివిడిగా రికార్డు చేసినవి, మొత్తం ఇరవై ఎనిమిది ట్రాకులు. ఆమె అన్న కొడుకు వాయించిన డ్రమ్స్‌కే తొమ్మిది పోయాయి. చివరి రెండూ కూతురి గొంతు. ఒకే పాటను రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పేరిస్తే గొంతు నిండుగా వినిపిస్తుంది. ఆ రోజు సాయంత్రం ఆరులోగా పంపితే, పెద్ద కచేరీకి పాటలు ఎంచేవాళ్లు వింటారు.

మళ్లీ పాడించే వీలు లేదు. రికార్డింగ్ అయిన వారానికే కూతురి గొంతులోంచి చిన్న కంతి తీశారు. నెల్లాళ్లు నోరు మెదపొద్దన్నారు. ఆ తర్వాత పాత గొంతు వస్తుందో రాదో చెప్పలేమన్నారు.

ఆ కంతిని సీసాలో వేసి, "ల్యాబ్‌లో ఇచ్చి రండమ్మా" అని నర్సు ఆమె చేతిలోనే పెట్టింది. నమిలి ఊసిన బబుల్‌గమ్‌లా ఉంది. తెల్లగా, ఒక కొస ఎర్రగా. నడుస్తుంటే సీసాలో గిరగిరా తిరిగింది. కన్నబిడ్డ కండే. అయినా ఆమె మూడుసార్లు చేతులు కడుక్కుంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

కంప్యూటర్ పాతది. అన్ని ట్రాకులు మోయలేక మొరాయిస్తోంది. అందుకని రెండు గొంతులనీ కలిపి ఒకే ట్రాకు చేసి, విడి ట్రాకులు రెండూ చెరిపేసింది. కొత్తవాళ్లు కూడా చేయని పని. ఒకసారి కలిపాక విడదీయడం ఎవరి తరమూ కాదు.

నాలుగింటికి మేనల్లుడు వచ్చాడు. పల్లవి వినిపించింది. వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అబ్బ! ఆ మూడో గొంతు ఎప్పుడు పాడించావత్తా? ఒళ్లు జలదరించింది!"

"మూడోదేంట్రా? ఉన్నవి రెండే."

"డ్రమ్స్ వాయిస్తాను గానీ నేనింకా చెవిటివాణ్ని కాలేదు. అడుగున ఒకటుంది చూడు. బొంగురుగా."

గుమ్మంలో నిలబడ్డ కూతురు మెల్లగా అంది. "నేను రెండుసార్లే పాడాను బావా..."

"గుసగుసలు కూడా వద్దన్నారు కదే! నోరు మూసుకో" అని తల్లి కసిరింది.

"మూగదేవి గారికి తిట్లు పడ్డాయి" అని వాడు నవ్వాడు. "ఏదైతేనేం, దాన్ని మాత్రం తీయకత్తా. పాటకు ప్రాణం అదే."

వాడు వెళ్లిపోయాడు. కూతురు వంటగదిలోకి నడిచింది. ఆమె తలుపు వేసుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. మిగతా ఇరవై ఆరు ట్రాకులూ ఆపేసింది. గొంతు ఒక్కటే ఉంచింది.

మొదటి పాదం బాగుంది. పాదానికీ పాదానికీ మధ్య... చప్.

పెదాలు విడివడే చప్పుడు. ఎవరు పాడినా వస్తుంది. అలాంటివి వేలు కత్తిరించింది ఆమె. కానీ ఇది కూతురి నోరు కాదు. మైకును నాలుకతో తాకేంత దగ్గరగా ఉంది. చిక్కటి ఉమ్మి. పళ్లు లేని నోరేదో చప్పరిస్తున్నట్టు... ఆ వెనకే గుటక.

ఆ ఖాళీని కత్తిరించింది. మళ్లీ విన్నది. చప్పుడు పక్క పాదం కిందికి జారింది. అక్కడా కత్తిరించింది. ఇంకో పాదం కిందికి పోయింది. ఇప్పుడు తెలుస్తోంది. తన బిడ్డ పాడిన ఒక్కో మాటనూ అది నోట్లో వేసుకుని, చప్పరించి, వదులుతోంది.

హెడ్‌ఫోన్స్ మెత్తల్లోంచి వాసన. రోజుల తరబడి కడగని నోటి వాసన. చెవులు వెచ్చగా, తడిగా...

ఐదున్నర. చెరిపేస్తే పాటకు గొంతే ఉండదు. పిల్లకు ఇంకో అవకాశమూ ఉండదు. పంపించేస్తే పోలా? ఎవరికి తెలుస్తుంది?

పాట చివరికి వచ్చింది. కూతురి గొంతు ఆగింది.

అది ఆగలేదు.

చప్... చప్... తర్వాత కొత్త చరణం అందుకుంది. ఎవరూ రాయని చరణం. అచ్చం కూతురి గొంతుతో.

చెరిపేసింది. హెడ్‌ఫోన్స్ విసిరికొట్టి మోచేత్తో చెవులు తుడుచుకుంది. తెరమీద గొంతు ఎగిసిపడాల్సిన గీత చదునుగా ఉంది.

చరణం వినిపిస్తూనే ఉంది... ఏ చప్పుడూ రానివ్వని ఆ తలుపు అవతలి నుంచి.

తలుపు తీసింది. ఎంత హాయిగా, ఎంత నిండుగా ఉందో ఆ గొంతు! ఒక్క క్షణం ఆమె గుండె ఎగిరింది. గొంతు వచ్చేసిందా పిల్లకి?

వంటగదిలో కూతురు గ్లాసు ఎత్తి మంచినీళ్లు తాగుతోంది. పెదాలు గ్లాసుకు గట్టిగా అతుక్కుని ఉన్నాయి. పాట మాత్రం ఆగడం లేదు. గ్లాసు అంచు మీదుగా తల్లిని చూస్తున్న కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఖాళీగా ఉన్న చేత్తో తన మెడను తానే నొక్కుకుంటోంది.

"దించవే... గ్లాసు దించు..."

కూతురు తల అడ్డంగా ఊపింది. తన వల్ల కావడం లేదని.

తల్లి చేయి చాచింది. చాచిన చేయి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

చప్... చప్...

గుటకలు పడుతూనే ఉన్నాయి. గ్లాసులో నీళ్లు తగ్గడం లేదు. తీగలు తీగలుగా, చిక్కగా... పైకి పొంగుతున్నాయి.